993 కొనాలా, 992 కొనాలా? ముందు నువ్వు తిరిగే రోడ్డు సంగతి చూద్దాం

తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. డాలస్‌లో ఉంటాడు. రోజూ ఆఫీసుకు వెళ్లడానికి వేరే కారుంది. గ్యారేజీలో ఒక్క కారుకు చోటుంది. 1996 నాటి పోర్షే 911 ఒకటి చూశాడు, మాన్యువల్ గేర్లది. అదే 993, గాలితో చల్లబడే ఇంజిన్ ఉన్న చివరి తరం. ఇంచుమించు అదే డబ్బుకు నాలుగైదేళ్లు వాడిన 992, అంటే 911లోనే ఇప్పటి తరం, కూడా దొరుకుతోంది. స్నేహితుల్లో సగం మంది "పాతదాంట్లో ఉన్న ఫీల్ కొత్తదాంట్లో రాదు" అంటున్నారట. మిగతా సగం "ముప్పై ఏళ్ల డొక్కు నీకెందుకురా" అంటున్నారట. "అన్నా, ఎవరి మాట వినను?"

ఇద్దరి మాటలోనూ నిజముంది. కాకపోతే ఇద్దరూ కార్ల గురించే మాట్లాడుతున్నారు, నీ గురించి కాదు.

నేనెవరినో రెండు ముక్కలు చెబుతాను, లేకపోతే ఈ సలహాలన్నీ ఎక్కడినుంచి వస్తున్నాయో నీకు తెలియదు. చిన్నప్పుడు సెలవులన్నీ విజయవాడ ఆటోనగర్‌లో మా మేనమామ షెడ్డులో గడిచాయి. మామయ్య బండి నడుపుతూ గేరు రాడ్డు మీద అరచెయ్యి ఆనించి, గేరుబాక్సులో ఏ బేరింగు పోయిందో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే. తర్వాత చదువుకుని మిషిగన్ వచ్చి ఇరవై ఏళ్లకు పైగా సస్పెన్షన్, స్టీరింగ్ పనిలోనే ఉన్నాను. శని, ఆదివారాల్లో పాత కార్లు విప్పుతుంటాను. ఇంతేసి చదువు చదివినా, "ఫీల్" అనే మాటకు మామయ్య అరచేతిని మించిన అర్థం నాకు దొరకలేదు. ఫీల్ అంటే సమాచారం. టైరు కింద ఏం జరుగుతోందో నీ చేతికీ నడుముకూ ఎంత తెలుస్తోంది, ఎంత త్వరగా తెలుస్తోంది అన్నదే. పాతదైతే చాలు ఫీల్ ఉంటుందనుకుంటే అంబాసిడర్‌ని మించిన స్పోర్ట్స్ కారు ప్రపంచంలో ఉండకూడదు.

ముందు అంకెల గొడవ వదిలించుకుందాం. 1963 ఫ్రాంక్‌ఫర్ట్ షోలో ఈ కారు 901 పేరుతో వచ్చింది. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవని పూజో కంపెనీ అడ్డం చెప్పడంతో 911 అయింది. రెండు లీటర్ల ఇంజిన్, 130 హార్స్‌పవర్, 1,080 కిలోల బరువు. నీ 993కి 3.6 లీటర్ల ఇంజిన్, 1996 నుంచి 285 హార్స్‌పవర్, సుమారు 1,370 కిలోలు. 992 మామూలు కరెరాకి (911లో అన్నిటికంటే చవకైన రకం పేరది) 3 లీటర్ల ఇంజిన్, రెండు టర్బోలు, 385 హార్స్‌పవర్, 1,505 కిలోలు. సున్నా నుంచి వందకు 4.2 సెకన్లు. 1975లో వచ్చిన మొదటి 911 టర్బోకి అయిదున్నర సెకన్లు పట్టేది. ఎన్నో ప్రాణాలు తీసిందని చెడ్డపేరు మోసిన బండి అది. ఇవాళ అన్నిటికంటే తక్కువ ధర 911 దాన్ని వెనక్కి తోసేస్తుంది, అదీ డ్రైవరు కాఫీ తాగుతుండగా. కాబట్టి ఏది వేగం అన్న ప్రశ్నే లేదు.

చాలామంది కొత్తది బరువెక్కిపోయిందంటారు. చూశావుగా, 993కీ 992కీ మధ్య తేడా 135 కిలోలే. ఇద్దరు మనుషులు ఎక్కితే సరి. పెరిగింది వెడల్పు. మొదటి 911 వెడల్పు 1,610 మిల్లీమీటర్లు, 993ది 1,735, 992ది 1,852. అంటే అరవై ఏళ్లలో జానెడు పైనే పెరిగింది. ఇది కాగితం మీద పట్టించుకోని అంకె. కొండదారిలో ఇదే ముఖ్యమైన అంకె. రెండు గీతల మధ్య నీ లేను ఎంత వెడల్పుందో అంతే ఉంటుంది. కారు సన్నగా ఉంటే ఆ లేనులోనే మలుపును కాస్త లోపలికీ బయటికీ కోసుకుంటూ పోవచ్చు. వెడల్పు కారుతో గీత తొక్కకుండా చూసుకోవడంతోనే సరిపోతుంది. సరదా అంతా ఆ మిగిలిన అడుగు జాగాలో ఉంటుందని నా లెక్క.

ఇప్పుడు అసలు తేడాకి వస్తాను. ప్రతి కారుకీ అది నిద్రలేచే వేగం ఒకటుంటుంది. ఆ వేగం దాటాకే టైర్లు పనిచేయడం, బరువు ఒక పక్కనుంచి ఇంకో పక్కకు మారడం, స్టీరింగ్ బిగుసుకోవడం, వదులవడం నీకు తెలుస్తాయి. 993 ముందు టైరు 205 మిల్లీమీటర్లు, వెనకది 245. అవి రోడ్డును పట్టుకునే శక్తికి హద్దు చేరువలోనే ఉంటుంది. మంచి మలుపుల దారిలో గంటకు 50, 60 మైళ్లకే కారు కబుర్లు మొదలుపెడుతుంది. 992కి ముందు 235, వెనక 295. రబ్బరు రసాయనం కూడా ముప్పై ఏళ్లలో ఎంతో మారింది. ఆ కారు మాట్లాడాలంటే జైలుకెళ్లే వేగం కావాలి, లేదా రేస్ ట్రాక్ కావాలి. 60 మైళ్ల దగ్గర అది నీకు చాలా మర్యాదగా నిశ్శబ్దాన్నే వడ్డిస్తుంది. "కొత్త కారు బోరు" అనేవాళ్లలో ఎక్కువమంది దాని నిద్రే చూశారు, మెలకువ చూడలేదు.

స్టీరింగ్ సంగతి వేరేగా చెప్పాలి, అది నా వృత్తి కాబట్టి. 1989 దాకా 911కి పవర్ స్టీరింగ్ లేదు. ఇంజిన్ వెనక ఉంటుంది, ముందు చక్రాల మీద బరువు తక్కువ, చేతులతోనే తిప్పొచ్చు. 993కి ముందు తరమైన 964తో హైడ్రాలిక్ సాయం వచ్చింది, 993లోనూ అదే. నూనె ఒత్తిడితో సాయపడే ఆ పద్ధతిలో రోడ్డు మీది గరుకుతనం ర్యాక్ (చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ) గుండా నీ వేళ్లకు చేరుతుంది. 2011లో వచ్చిన 991 తరం నుంచి కరెంటు మోటారు సాయం. మోటారు తెలివైనదే. ఏ కదలిక డ్రైవరుకి పంపాలి, ఏది ఆపేయాలి అన్నది సాఫ్ట్‌వేరులో రాస్తారు. మేం అలాంటివి ట్యూన్ చేసేటప్పుడు గోల అంతా అదే: ఎంత వణుకు "సమాచారం", ఎంత వణుకు "చిరాకు"? వాయిదా కట్టే కస్టమరు గుంత తగిలినప్పుడు స్టీరింగ్ కొట్టుకోవడం సహించడు. ఆ కొట్టుకోవడాన్ని తీసేస్తే దాంతోపాటు ఇంకొన్ని పోతాయి. 992 స్టీరింగ్ ఇవాళ దొరికేవాటిలో మంచిది, కచ్చితమైనది. అయినా అది వడపోసిన నీళ్లు. 993ది బావి నీళ్లు, కాస్త ఉప్పగా ఉన్నా ఏ బావో తెలుస్తుంది.

తోక సంగతి కూడా తెలుసుకో. ఈ కారులో ఇంజిన్ వెనక ఇరుసుకు కూడా వెనక వేలాడుతుంది. మలుపులో భయపడి యాక్సిలరేటరు మీదనుంచి కాలు తీస్తే బరువు ముందుకు జరుగుతుంది, వెనక టైర్లు పట్టు వదులుతాయి, వెనక బరువు గడియారం లోలకంలా బయటికి ఊగుతుంది. కంపెనీకి ఇది మొదటినుంచీ తెలుసు. తొలి రోజుల్లో ముందు బంపర్ మూలల్లో పోత ఇనుప దిమ్మలు పెట్టి బరువు సరిచేశారు. 1969 మోడల్‌కి వెనక చక్రాలను 57 మిల్లీమీటర్లు వెనక్కి జరిపారు. 993కి వెనక సస్పెన్షన్‌ను పూర్తిగా మార్చి అనేక లింకులది పెట్టారు, నా దృష్టిలో ఆ కారుకున్న గొప్పతనం అదే. పాతకాలపు ఇంజిను కింద కొత్తకాలపు కాళ్లు. అందుకే పాత 911లన్నిటిలోకీ దీన్ని భయం లేకుండా నడపొచ్చు. కానీ గుర్తుంచుకో, దాంట్లో ఏబీఎస్ ఉంది, ఎయిర్‌బ్యాగులు రెండున్నాయి, అంతే. కారు పక్కకు జారితే ఒక్కో చక్రానికి వేరేగా బ్రేకు వేసి నిలబెట్టే కంప్యూటరు లేదు. 992కి చక్రాల గూళ్లలో చిమ్మే నీటి చప్పుడు విని "రోడ్డు తడిగా ఉంది" అని హెచ్చరించే మైకులు కూడా ఉన్నాయి. వానలో పక్కన పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఏది తీసుకెళ్తావని నన్నడిగితే జవాబుకి క్షణం పట్టదు.

గాలి ఇంజినా నీళ్ల ఇంజినా అన్నదాని మీద భక్తి ఎక్కువ, తెలివిడి తక్కువ. గాలి ఇంజిను అంటాం గానీ అది సగం నూనె ఇంజినే. పది లీటర్ల పైన ఆయిల్ పడుతుంది, వేడి మోసుకుపోయేది అదే. దాన్ని వదిలేయడానికి కారణం సౌఖ్యం కాదు. సిలిండరుకి నాలుగు వాల్వులు పెట్టాలంటే సిలిండర్ల పైమూత, అంటే హెడ్డు, దగ్గర వేడిని గాలితో మాత్రమే లాగడం కష్టం. నాలుగు వాల్వులు లేకపోతే ముందు ముందు వచ్చే పొగ, చప్పుడు నిబంధనలు దాటలేరు. 1997లో తర్వాతి తరం 996 నీళ్ల ఇంజిన్‌తో వచ్చినప్పుడు అభిమానులు తిట్టిపోశారు, దాని హెడ్‌లైట్లను వేయించిన గుడ్డుతో పోల్చారు. ఆ తిట్లవల్లే 993కి "చివరిది" అన్న కిరీటం, ఆ కిరీటంవల్లే దాని ధర. అంటే నువ్వు కట్టే డబ్బులో కొంత ఇంజిన్‌కి, కొంత చరిత్రకి. తప్పు కాదు, తెలిసి కట్టు.

ఆ ఫ్యాను ఈల, ఆ ఇంజిన్ గరగర కోసం మనుషులు ఎందుకు ప్రాణం పెడతారో మాత్రం ఒకసారి వెనక నిలబడి వింటే తెలుస్తుంది. దాని గురించి రాయడం దండగ.

ఇక ఎవరూ నీకు చెప్పనిది. నువ్వు 993నీ 992నీ పోల్చడం లేదు. 992ని ముప్పై ఏళ్లపాటు ఎవరెవరో చేసిన పనితో పోలుస్తున్నావు. కొత్త కారుకి మోడల్ ముఖ్యం, పాత కారుకి ముందు యజమాని ముఖ్యం. పాత ఆవకాయ రుచి ఎవరు కాదంటారు? కానీ మధ్యలో ఎవడో జాడీలో తడి చెయ్యి పెట్టి ఉంటే పైన నూనె నిగనిగలాడుతూనే ఉంటుంది, కింద బూజు.

ఒక మిత్రుడు పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొని (ఏ కంపెనీదో చెప్పను) నెలలోనే నాకు ఫోన్ చేశాడు. "పుస్తకాల్లో రాసిందంతా అబద్ధం, పడవలా ఊగుతోంది" అని. వెళ్లి చూస్తే టైర్ల మీద గాటు ఒక్కటీ లేదు, కొత్తవాటిలా ఉన్నాయి. పక్కన ముద్రించిన నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. చదివితే పధ్నాలుగేళ్ల టైర్లు! రబ్బరు చెక్కలా అయిపోయింది. సస్పెన్షన్ బుష్షులు, అంటే కీళ్ల దగ్గరుండే రబ్బరు ముక్కలు, గోటితో గీకితే పొడి రాలుతున్నాయి. రెండు వారాంతాలు పట్టింది మార్చడానికి. తర్వాత ఆ కారు తాళం నాకిచ్చినవాడు తిరిగి తీసుకోవడానికి వెంటపడాల్సి వచ్చింది. "క్లాసిక్ కార్లు నాకు నచ్చలేదు" అనేవాళ్లు ఎంతమంది ఇలా చచ్చిన రబ్బరును నడిపి ఆ మాటంటున్నారో!

నువ్వు చూసిన 1996 కారుకి ప్రత్యేకంగా ఒక జబ్బు ఉంటుంది. ఆ ఏడాదినుంచి అమెరికా కార్లకు కొత్త తరహా పొగ పర్యవేక్షణ వచ్చింది. వాల్వులు కదిలే గొట్టాలు, అంటే వాల్వ్ గైడ్లు, అరిగితే ఆయిల్ పైకి ఎక్కి, హెడ్డులో ఎగ్జాస్టుకు గాలి పంపే సన్నటి దారుల్లో మసి పేరుకుంటుంది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. మసి కడిగితే కొన్నాళ్లు ఆరుతుంది. సరిగ్గా బాగు చేయాలంటే ఇంజిన్ దించి హెడ్లు విప్పాలి, ఆ బిల్లుకి ఇంకో చిన్న కారు వస్తుంది. టెక్సాస్‌లో 25 ఏళ్లు నిండిన కార్లకు పొగ పరీక్ష లేదు కాబట్టి అమ్మేవాడు "ఆ లైటు ఏం పర్లేదండీ" అంటాడు. రేపు నువ్వు ఉద్యోగం మారి కాలిఫోర్నియా వెళ్తే అక్కడ 1976 నుంచి వచ్చిన ప్రతి పెట్రోలు కారుకీ పరీక్ష ఉంది. అప్పుడు పర్లేదు అనలేవు. స్పార్క్ ప్లగ్గులు కూడా ఆరు కాదు, పన్నెండు. కింది ఆరింటిని అందుకోవాలంటే వెల్లకిలా పడుకోవాలి.

ఒక్క 911 చూసి వారసులన్నీ ఇంతే అనుకోకు. హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ తీసుకో. 1990 నాటిది అల్యూమినియం బాడీ, మూడు లీటర్ల వీ6, 1,370 కిలోల చిల్లర. తయారవుతున్న రోజుల్లో జపాన్‌లోని సుజుకా ట్రాక్‌లో ఫార్ములా వన్ రేసరు అయర్టన్ సెన్నా నడిపి బాడీ ఇంకా గట్టిగా ఉండాలంటే గట్టిపరిచారు. 2016 నాటి వారసుడు అమెరికాలో ఒహాయోలో తయారైంది. టర్బో వీ6కి తోడు మూడు కరెంటు మోటార్లు, 573 హార్స్‌పవర్, 1,700 కిలోల పైన. ఇంజినీరుగా నాకు దానిమీద గౌరవం. కానీ పేరు తీసేసి చూపిస్తే అది ఫలానావారి అబ్బాయి అని ఎవరూ పోల్చుకోలేరు. 2022లో ఆపేశారు. టొయోటా సుప్రా కథ ఇంకోలా: 2019లో తిరిగొచ్చినప్పుడు ఇంజిన్ బీఎండబ్ల్యూది, తయారీ ఆస్ట్రియాలో గ్రాట్స్‌లో. ఆరు సిలిండర్లూ ఒకే వరుసలో ఉండాలన్న ఇంటి ఆచారం మాత్రం తప్పలేదు.

తండ్రి పోలిక అచ్చుగుద్దినట్టు దిగింది నేను చూసినంతలో మజ్దా మియాటా ఒక్కటే. 1989 షికాగో షోలో వచ్చింది సుమారు 960 కిలోలు. 2015 నాటి నాలుగో తరం, అన్ని ఎయిర్‌బ్యాగులతో, తలుపుల్లో ఇనుప కడ్డీలతో కలిపి 1,060 కిలోల దగ్గర ఆగింది. పొడవు మొదటిదానికంటే కాస్త తక్కువ కూడా. 116 హార్స్‌పవర్ 181 దాకా వచ్చినా, 50 మైళ్ల దగ్గరే నిద్రలేచే గుణం పోలేదు. నిబంధనలవల్లే కార్లు లావయ్యాయని అనేవాళ్లకు ఈ కారును చూపిస్తాను. సన్నగా ఉంచాలని పట్టుబట్టినవాళ్లు ఉంచగలిగారు.

సరే, నీకేం చెప్పను? డాలస్‌లో రోడ్లు గీత గీసినట్టుంటాయి. సరదాగా మలుపులు తిరగాలంటే శాన్ ఆంటోనియో అవతల లీకీ ఊరి చుట్టూ ఉన్న రాంచ్ రోడ్లు 335, 336, 337 దాకా పోవాలి. అంటే ముందు మూడొందల మైళ్లకు పైగా హైవే. జూలై ఎండలో 993లో ఆ మూడొందల మైళ్లు ఒక తపస్సు. 992లో ఒక కునుకు. కానీ ఆ రాంచ్ రోడ్ల మీద 993ది పండగ, 992 గీతల మధ్య బుద్ధిగా నడుచుకుంటుంది.

నువ్వు అడగని మూడోది చెబుతున్నాను. 996 తర్వాతి తరం 997లో, 2009 మోడల్ నుంచి వచ్చిన రెండో విడత చూడు. నీళ్ల ఇంజిన్, టర్బో లేదు, స్టీరింగ్ ఇంకా హైడ్రాలిక్కే. వెడల్పు రెంటికీ మధ్యన, 1,808. కరెరా ఎస్ (మామూలు కరెరాకంటే శక్తి ఎక్కువున్న రకం) తీసుకుంటే 385 హార్స్‌పవర్, అంటే 992 మామూలు కరెరాకున్నంత. అంతకు ముందరి నీళ్ల ఇంజిన్లలో విరిగితే ఇంజినంతా పోయే మధ్య షాఫ్ట్ బేరింగు ఒకటుండేది, ఈ విడతలో ఆ షాఫ్టే తీసేశారు. ధర నువ్వు చూసే రెంటికంటే కిందే, మిగిలిన డబ్బుతో టైర్లు, బుష్షులు, రెండేళ్ల పెట్రోలు. నీ స్థానంలో నేనుంటే ఇదే.

కొత్తదే కావాలనుకుంటే 992లో మామూలు కరెరాకి మొదటి విడతలో మాన్యువల్ లేదు. ఎస్ చూసుకో, అందులో ఏడు గేర్ల మాన్యువల్ ఉంది. మాన్యువల్ లేని 992 కొని "ఫీల్ లేదు" అని నాకు రాయకు.

కాదు అన్నా, 993 చూసినప్పటినుంచీ నిద్ర పట్టడం లేదంటావా, అదీ ఒక కారణమే. అప్పుడు ఇలా చెయ్యి. అమ్మేవాడికి ముందురోజే ఫోన్ చేసి, నేనొచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చెయ్యొద్దని చెప్పు. వెళ్లగానే వెనక మూత ఎత్తి ఇంజిన్ మీద చెయ్యి పెట్టు, వెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేశావని అడుగు. చల్లటి ఇంజిన్ స్టార్టయ్యాక ఒక్క క్షణం పొగ వచ్చి ఆగితే పర్వాలేదు, ఆగకపోతే పర్వాలేదు అనకు. ఈ కార్లు బాగా తెలిసిన మెకానిక్కు చేత, అమ్మేవాడి మనిషి కాకుండా, ప్రతి సిలిండరుకీ లీక్‌డౌన్ పరీక్ష (గాలి ఎక్కించి ఎంత కారిపోతోందో చూడటం) చేయించు. బిల్లుల కట్ట అడుగు, కట్ట లావు కంటే మధ్యలో ఏ ఏళ్లవి లేవో చూడు. ఆయిల్ కొలిచేటప్పుడు మన ఊరి అలవాటుగా ఇంజిన్ ఆపి చూస్తే ఆయిల్ కొలిచే కడ్డీ మీద ఏమీ కనపడదు, కంగారుపడి ఇంకో రెండు లీటర్లు పోసేస్తారు. బండి బాగా వేడెక్కాక, చదును నేల మీద, ఇంజిన్ తిరుగుతుండగానే చూడాలి. అమ్మేవాడు ఆపి చూపించాడంటే ఆ బండికి ఇన్నాళ్లూ ఆయిల్ ఎలా పోశారో తెలిసిపోయింది కదా, నమస్కారం పెట్టి వచ్చేయ్.